నిమ్మతొనల సీసా

ఏలూరు
10 ఏప్రిల్ 2025

చి. జాయ్సీకి,

నేను కోదండరామయ్యను. మీ సత్యవేణి మేడమ్ భర్తను. పోయిన జూలైలో, పదకొండో రోజున, నువ్వూ మీ ఆయన జాషువా వచ్చి వెళ్ళారు. ఆ రోజు నీతో మాట్లాడలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక విషయం అడగడానికి రాస్తున్నాను.

ఆవిడ కిటికీలో పెట్టుకున్న గాజు సీసా ఒకటి ఉంది. ఎత్తు ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. మూత నుంచి పది సెంటీమీటర్ల వరకు నీళ్ళు, అక్కణ్ణుంచి అడుగు దాకా మట్టి. ఇదివరకు ఆ మట్టిలో రంగురంగుల పొరలు ఉండేవి. ఇప్పుడు మొత్తం నలుపు. దానితోపాటు ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. తేదీ, లోతు, రంగు, పేరు, చూసినవారు అని గడులు. చివరి నమోదు 2024 జూన్ 23. చూసినవారు: స.వే. మొదటి పేజీలో ‘మట్టి తీసినది: జాయ్సీ, బీఎస్సీ మూడో సంవత్సరం’ అని ఉంది. అందుకే నీకు రాస్తున్నాను.

ఆ సీసా తొమ్మిది నెలలు చీకటిలో ఉండిపోయింది. ఎందుకన్నది వేరే సంగతి. అందులోవి చచ్చిపోయాయా, బతికున్నాయా?

ఆషాఢంలో సంవత్సరీకం. ముదినేపల్లి నుంచి మా చెల్లెలు సువర్ణ రెండు మూడు రోజులు ముందే వస్తుంది. వస్తూనే ఇల్లంతా కడిగిస్తుంది. ఈలోగా నాకు తెలియాలి. బతికుంటే ఉంచుతాను. లేకపోతే నేనే తీసుకెళ్ళి కొల్లేట్లో కలుపుతాను. ఇంకొకరు దాన్ని డ్రైనేజీలో పారబోయకూడదు.

ఫోన్ చేయకు. నా చెవులు బాగా తగ్గాయి. ఫోన్లన్నీ ఆవిడే మాట్లాడేది. ఉత్తరం రాయి.

కోదండరామయ్య


ఆకివీడు
15 ఏప్రిల్ 2025

గౌరవనీయులు కోదండరామయ్యగారికి జాయ్సీ నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి మా ల్యాబ్‌లో అందరూ గుమిగూడారండి. పోస్టులో చేతిరాత ఉత్తరం రావడం మాకు కొత్త. చెరువు రైతులు కూల్‌డ్రింక్ సీసాల్లో తెచ్చే నీళ్ళు పరీక్ష చేసి, ఫలితం ఫోన్లో పంపించడమే నా ఉద్యోగం. నేను ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో.

ఆ సీసాను దయచేసి పారబోయకండి. అది పుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. 2016 జనవరిలో మేడమ్ మమ్మల్ని పదకొండు మందిని కొల్లేటికోట వైపు పడవలో తీసుకెళ్ళారు. పడవ ఆగకముందే నేను గట్టు అనుకుని కాలు పెట్టాను. నడుం దాకా దిగిపోయాను. ఒక చెప్పు ఇప్పటికీ కొల్లేట్లోనే ఉందండి. మేడమ్ పడవలోంచి వంగి, “జాయ్సీ, ఎలాగూ దిగావు కదమ్మా, అడుగు మట్టి రెండు దోసిళ్ళు తియ్యి” అన్నారు. మిగతావాళ్ళంతా ఒకటే నవ్వు.

సీసా పవర్‌పేటలో ఒక కిరాణా కొట్టుది. నిమ్మతొనలు, ఆ పుల్లపుల్లటి బిళ్ళలు, పోసుకునేది. కొట్టాయన ఇవ్వనన్నాడు. మేడమ్ అందులో మిగిలిన నిమ్మతొనలన్నీ కొనేసి మాకు పంచిపెట్టి, “ఇప్పుడు ఈ ఖాళీ సీసా మీకెందుకండీ?” అన్నారు. మట్టిలో ఒక గుడ్డు పచ్చసొన, రెండు సుద్దముక్కలు, చింపిన కాగితాలు కలిపి నింపాం. పైన కొల్లేటి నీళ్ళు. అంతే. నూట ముప్పై ఏళ్ళ నాటి పద్ధతి అన్నారు.

మేము ఏ సూక్ష్మజీవినీ విడిగా వెయ్యలేదండి. ఏ పొరా పేర్చలేదు. పై నుంచి గాలి దిగుతుంది, కింద నుంచి గంధకం వాయువు లేస్తుంది, పక్క నుంచి వెలుతురు పడుతుంది. ఎవరికి ఎంత గాలి కావాలో, ఎంత వెలుతురు కావాలో చూసుకుని ఎవరి చోటుకి వాళ్ళు చేరారు. రెండు నెలలకి పైన ఆకుపచ్చ, దాని కింద తుప్పు రంగు, గులాబి, ఊదా, అట్టడుగున నలుపు. కొల్లేరు మొత్తం లేచి మా బల్ల మీద నిలబడ్డట్టు అనిపించింది. ఆ ఏడాది చదువు ముగిశాక మేడమ్ దాన్ని ఇంటికి తీసుకెళ్ళారు.

నలుపు అంటే చావు కాదండి. ఆ నలుపును చేసేవి కూడా బతికున్న బ్యాక్టీరియాయే. వాటికి వెలుతురుతో పని లేదు. అవి ఉన్నాయి. వెలుతురు తినేవి ఉన్నాయో లేదో నేను చెప్పలేను. తూర్పు కిటికీలో పెట్టండి. ఎండ నేరుగా తగలకుండా పల్చటి తెర వెయ్యండి. కదపకండి. రెండు నెలలు పట్టవచ్చు.

చీకటిలో ఎందుకుందో చెప్పాలనిపిస్తే చెప్పండి. లేకపోతే వద్దు.

జాయ్సీ


ఏలూరు
19 ఏప్రిల్ 2025

చి. జాయ్సీకి,

నిన్న ఉదయం తూర్పు కిటికీలో పెట్టాను. తెర వేశాను.

పదకొండో రోజున సువర్ణ ఇల్లు కడిగిస్తోంది. మా వైపు ఆ రోజున నిలవ నీళ్ళు, పాత కుండలు ఇంట్లో ఉంచరు. కిటికీ దగ్గరికి వచ్చి, “ఈ కుళ్ళు నీళ్ళేంటి అన్నయ్యా” అని, పారబోయమని పనామెను కేకేసింది. నేను సీసా తీసుకుని పడకగదిలోకి వెళ్ళాను. బీరువాలో ఆవిడ చీరల మధ్య నిలబెట్టి తాళం వేశాను. సాయంత్రం అందరూ వెళ్ళాక తీద్దామనుకున్నాను.

సాయంత్రం బీరువా తెరవలేకపోయాను. మర్నాడూ అంతే. నా పంచెలు కూడా అందులోనే ఉన్నాయి. కొత్తవి కొనుక్కున్నాను.

నీకు మొదటి ఉత్తరం రాయడానికి ముందురోజు తెరిచాను. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

నోటుబుక్కులో అన్ని గడులూ పెన్నుతో ఉన్నాయి. పేరు గడి మాత్రం పెన్సిల్‌తో ఉంది. ఎందుకు?

కోదండరామయ్య


తాడేపల్లిగూడెం
27 ఏప్రిల్ 2025, ఆదివారం

కోదండరామయ్యగారికి నమస్కారాలు.

సెలవుకి ఇంటికి వచ్చాను. బీరువా సంగతి చదివానండి. చర్చి నుంచి వచ్చి, మీరు అడిగినదానికే జవాబు రాస్తున్నాను. నాకు వచ్చింది అదే.

పెన్సిల్ మేడమ్ పెట్టిన నియమం. “చూసింది పెన్నుతో రాయండి, పేరు పెన్సిల్‌తో రాయండి” అనేవారు. తేదీ, లోతు, రంగు మన కళ్ళతో చూసినవి, అవి మారవు. పేరు మనుషులు పెట్టింది. రేపు ఇంకొకరు ఇంకొంచెం తెలుసుకుంటే చెరిపి రాయాలి. పైన ఆకుపచ్చగా జిగురుగా ఉండేదాన్ని ఒకప్పుడు నాచుల్లో రాసేవారట. దాని కణంలో కేంద్రకం లేదని తేలాక బ్యాక్టీరియాలో కలిపారు. దానికేమీ తెలియదు పాపం. అది అలాగే ఉంది.

మా ల్యాబ్‌కి అచ్యుతరావుగారని ఒక రొయ్యల రైతు వస్తారు. మొన్న సీసా బల్ల మీద పెట్టి, “ఇందులో పురుగుందేమో చూడమ్మా” అన్నారు.

“పురుగు కాదండి, బ్యాక్టీరియా.”

“కదులుద్దా?”

“కదులుతుందండి.”

“మరి పురుగే కదా. ఎమ్మెస్సీ చదివి నాతో వాదిస్తావేంటి?” అని, “అయినా ఉన్నయ్యి రెండే రకాలమ్మా. రొయ్యని చంపేవి, చంపనివి” అన్నారు.

నవ్వొచ్చింది కానీ, అదీ వర్గీకరణేనండి. మొదట అందరూ అలాగే మొదలుపెట్టారు, మనకి ఏం చేస్తుందన్నదాన్ని బట్టి. తర్వాత ఆకారం చూశారు: గుండ్రటివి, కడ్డీల్లాంటివి, మెలిక తిరిగినవి. తర్వాత రంగు పట్టించి చూశారు. తర్వాత ఏం తింటుందో, గాలి కావాలో వద్దో చూశారు. ఇప్పుడు లోపల ఉన్న జన్యువుల రాతను చదివి, ఎవరికి ఎవరు చుట్టమో తేలుస్తున్నారు.

అలా తేలిస్తే ప్రాణమున్నదంతా మూడు పెద్ద కొమ్మలైందండి. ఒకటి బ్యాక్టీరియా. రెండోది ఆర్కియా. చూడ్డానికి బ్యాక్టీరియాలాగే ఉంటాయి, కానీ చుట్టరికం వేరు. మీ సీసా అట్టడుగున, కొల్లేటి బురదలోంచి బుడగలు లేచేచోట ఉంటాయి. మూడోది కేంద్రకం ఉన్నవాళ్ళ కొమ్మ. నాచులు, బూజులు, వరి, కొర్రమీను, అచ్యుతరావుగారు, మీరు, నేను అందరం దాని మీదే. మనకీ కొర్రమీనుకీ ఉన్న దూరం కంటే, ఆ సీసాలో పై పొరకీ అడుగు పొరకీ ఉన్న దూరం ఎన్నో రెట్లు ఎక్కువండి. వైరస్‌ని మాత్రం ఏ కొమ్మ మీదా పెట్టలేదు. దానికి ప్రాణం ఉందా లేదా అన్నదే తేలలేదు.

మీరు డ్రెయిన్ల ఇంజనీరు కదా. కొల్లేరు హద్దు ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత, అంటారు. ఆ గీత నీళ్ళకి తెలుసా అండి?

జాయ్సీ


ఏలూరు
4 మే 2025

చి. జాయ్సీకి,

పదహారు రోజులు. మార్పు లేదు. రోజూ ఉదయం ఏడింటికి స్కేలు పెట్టి చూస్తున్నాను.

ముప్పై మూడేళ్ళు ఆ గీత మీద నడిచాను. నీళ్ళకి తెలియదు. వానాకాలంలో గీత నీళ్ళ కిందే ఉంటుంది. కానీ గీత లేకపోతే మనం ఎక్కడ నిలబడ్డామో మనకి తెలియదు. మీ పేర్లు కూడా అందుకేననుకుంటున్నాను.

నా దగ్గర ఒక పేరు ఉంది.

జూన్ చివర్లో ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక, జూలై 5 శుక్రవారం ఆవిడకు జ్వరం వచ్చింది. బిళ్ళ ఇచ్చి, సోమవారం దాకా చూద్దామన్నాను. ఆవిడా సరేనంది. ఆదివారం చలి, వణుకు. విజయవాడ తీసుకెళ్ళాం. మంగళవారం పోయింది. రక్తం కల్చర్ రిపోర్టు మర్నాడు వచ్చింది. క్లెబ్సియెల్లా న్యుమోనియే. ఆ కాగితం అప్పటి నుంచి నా దగ్గరే ఉంది.

రెండు ప్రశ్నలు. అది ఆ సీసాలో ఉందా? శుక్రవారమే వెళ్ళి ఉంటే?

రెండోదానికి జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

కోదండరామయ్య


ఆకివీడు
12 మే 2025

కోదండరామయ్యగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపి రాస్తున్నానండి.

మొదటిదానికి: ఉండవచ్చు. ఆ సీసాలో లేకపోయినా కొల్లేట్లో ఉంటుంది. మీ పెరటి మట్టిలో ఉంటుంది. మీ పేగుల్లో, నా పేగుల్లో కూడా ఉండవచ్చు. అది బ్యాక్టీరియా కొమ్మ మీద ఒక చిన్న రెమ్మ. ఆకారం కడ్డీ. రంగు పట్టిస్తే గులాబిగా కనిపించే గుంపు. పేరులో మొదటి మాట ఇంటిపేరు లాంటిది. ఆ ఇంటిపేరు ఉన్నవాటిలోనే కొన్ని వరి వేళ్ళ దగ్గర చేరి, గాలిలో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తాయి. మనం తిన్న అన్నంలో వాటి పని కూడా ఉంది. ఈ రెండూ ఒక్కచోట రాయడం నాకు కష్టంగానే ఉందండి. కానీ రెండూ నిజం.

దానికి మేడమ్ ఎవరో తెలియదు. ఉండాల్సిన చోట ఉన్నన్నాళ్ళు ఊరుకుంది. రక్తంలోకి దారి దొరికింది. అక్కడా అది చేసింది, ఎక్కడైనా చేసేదే. తిన్నది, రెండైంది. అనువైన చోట దొరికితే కొన్ని గంటల్లో లక్షలవుతుంది. దాన్ని మీరు తిట్టుకుంటే నేను కాదనను.

రెండోదానికి: నాకు తెలియదండి. “శుక్రవారం వెళ్ళినా తేడా ఉండేది కాదు” అని రాసి మీ మనసు తేలిక చేయాలని నాలుగుసార్లూ అనిపించింది. కానీ చూడనిదాన్ని పెన్నుతో రాయొద్దని నేర్పింది మేడమే. శుక్రవారం వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చూడలేదు. నేను చూసింది ఒక్కటే. పదకొండో రోజున మేము వచ్చేసరికి మీరు ఆవిడ చెప్పులు గుమ్మం దగ్గర సరిగ్గా జతచేసి పెడుతున్నారు.

ఒక పని చేయండి. మేడమ్ మైక్రోస్కోపు ఇంట్లోనే ఉండాలి. సీసా కదపకుండా మూత తీసి, పై నీళ్ళలోంచి ఇంకు ఫిల్లరుతో ఒక్క చుక్క తియ్యండి. చిన్న కటకంతో మొదలుపెట్టండి. ఏం కనిపించిందో రాయండి. పేర్లు అక్కర్లేదు.

జాయ్సీ


ఏలూరు
25 మే 2025

చి. జాయ్సీకి,

నీ ఉత్తరం అందింది. రెండో జవాబుకి కృతజ్ఞతలు. అందరూ తేడా ఉండేది కాదనే అన్నారు. ఒక్కరినీ నమ్మలేదు.

మైక్రోస్కోపు అటక మీద దొరికింది. మొన్న ఆదివారం చూశాను. స్లైడు ఎడమకి జరిపితే బొమ్మ కుడికి పోతుంది. సర్వేలో మా పాత లెవెల్ యంత్రంలో చూస్తే అంకెల కొలకర్ర తలకిందులుగా కనిపించేది. కాబట్టి నాకు అలవాటే.

కనిపించినవి రాస్తున్నాను.

ఒక పడవ. గాజుది. రెండు వైపులా సన్నటి గీతలు. ముప్పై మూడేళ్ళలో నేను గీసిన ఏ గీతల కన్నా సమంగా ఉన్నాయి. తెడ్డు లేదు, తెరచాప లేదు. దానంతట అదే నడిచింది. ఆగింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది.

ఒక గంట. సన్నటి తీగ చివర ఉంది. తీగ ఒక్కసారిగా స్ప్రింగులా ముడుచుకుంది. తర్వాత నెమ్మదిగా సాగింది. మళ్ళీ ముడుచుకుంది. గంట నోటి దగ్గర నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. నలభై సార్లు లెక్కపెట్టాను. తర్వాత లెక్కపెట్టలేదు.

మిగతాది దుమ్ము అనుకున్నాను. పెద్ద కటకం పెట్టాక దుమ్ము కూడా కదిలింది. దుమ్ములో కడ్డీలున్నాయి, గింజలున్నాయి, దండలున్నాయి. అవి లేని జాగా కోసం చుక్కంతా వెతికాను. దొరకలేదు.

పొద్దున ఏడింటికి కూర్చున్నాను. మూడింటికి అన్నం తిన్నాను.

ఆ కిటికీకి మూరెడు దూరంలో నా పడక్కుర్చీ ఉంది. ఎనిమిదేళ్ళు దాంట్లో కూర్చుని పేపరు చదివాను. ఆవిడ ఎన్నోసార్లు, “ఏవండీ, ఒక్కసారి వచ్చి ఇందులో చూడండి” అంది. తర్వాత చూస్తాననేవాణ్ణి.

మట్టిలో మార్పు లేదు. సువర్ణ నెల రోజుల్లో వస్తుంది.

కోదండరామయ్య


తాడేపల్లిగూడెం
1 జూన్ 2025, ఆదివారం

కోదండరామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం జాషువాకి చదివి వినిపించాను. గంట దగ్గరికి వచ్చేసరికి ఆయన కాఫీ తాగడం ఆపేసి వింటున్నారు.

పడవ డయాటమ్ అండి. నాచు జాతే, ఒకే కణం. ఇసకలో ఉండే పదార్థంతోనే తన చుట్టూ గాజు ఇల్లు కట్టుకుంటుంది. గంట ప్రోటోజోవాలో ఒకటి. అదీ ఒకే కణం. కాలు లేదు, కండ లేదు, నరం లేదు, అయినా ఉలిక్కిపడుతుంది. రెండూ మన కొమ్మ మీదవే. దుమ్ము అనుకున్నది బ్యాక్టీరియా. పెన్సిల్‌తో రాసుకోండి.

ఇంకొక సంగతి తొమ్మిదేళ్ళుగా దాచాను. మేడమ్ చెప్పొద్దన్నారు. ఇప్పుడు చెప్పడం తప్పయితే ఆవిడే క్షమించాలి.

సీసాలో కాగితాలు వేశామన్నాను కదా. అవి పాత పేపర్లు కాదండి. మేడమ్ ఇంటి నుంచి ఒక సంచిలో తెచ్చారు. ముక్కలు ముక్కలుగా చింపిన పెద్ద కాగితం. నీలం గళ్ళు, ఎర్ర సిరాతో అంకెలు. “మేడమ్, ఇవేంటండి?” అని అడిగాం.

“మా ఆయన చెత్తబుట్టలోవి. ఏదో తప్పు పోయిందని రెండు రోజులుగా ఆయన అన్నం సరిగా తినట్లేదు. కనీసం ఈ కాగితాలనైనా ఎవరో ఒకరు తిననీ” అన్నారు.

మేమంతా నవ్వాం. ఆవిడ మాత్రం ఒక్కొక్క ముక్కా విడదీసి మట్టిలో జాగ్రత్తగా కలిపారు. కాగితాన్ని అరిగించే బ్యాక్టీరియా కింద పొరల్లో ఉంటుంది. అది అరిగించి వదిలింది పై పొరల వాళ్ళకి తిండి. ఇన్నేళ్ళూ ఆ సీసాలో వాళ్ళు తిన్నది మీ అంకెలేనండి.

జాయ్సీ


ఏలూరు
9 జూన్ 2025

చి. జాయ్సీకి,

ఆ కాగితం నాకు గుర్తుంది. ఒక డ్రెయిను అడుగు మట్టాల పట్టిక. ఒకచోట కొలకర్ర మీద అంకె అర అడుగు తప్పు చదివాను. అక్కణ్ణుంచి చివరి దాకా అన్నీ తప్పే. నేనే పట్టుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. మూడు వారాల పని మళ్ళీ చేశాం. పట్టిక చింపేశాను. ఆవిడ ఆ రెండు రోజులూ నన్నేమీ అడగలేదు. అడగలేదని అప్పట్లో బాధపడ్డాను కూడా.

ఆవిడ చేసింది ఇదా.

ఇంకొకటి. ఈ ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలకు, మూత నుంచి 13.5 సెంటీమీటర్ల లోతులో, కిటికీ వైపున, గాజుకి ఆనుకుని ఒక చుక్క కనిపించింది. పెసరగింజంత. నిన్న లేదు. గాజు మీద మరకేమోనని బయట తుడిచాను. పోలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. టార్చి వేసి చూశాను.

గులాబి రంగు.

కోదండరామయ్య


ఆకివీడు
13 జూన్ 2025

సార్,

ఫోన్ చేయొద్దన్నారు కానీ రెండుసార్లు చేసేశాను. మీరు ఎత్తలేదు. ఎత్తినా నేను ఏడుస్తూ మాట్లాడేదాన్ని, మీకు వినపడేది కాదు. అందుకని ఇది రాస్తున్నాను.

అవి వెలుతురు తినే బ్యాక్టీరియా. చూడ్డానికి గులాబిగా ఉన్నా, పుస్తకాల్లో ఊదా గంధక బ్యాక్టీరియా అంటారు. గాలి సోకని చోట, కింద నుంచి వచ్చే గంధకం వాయువుతో వెలుతురును తిండిగా మార్చుకుంటాయి. గాలిలో ప్రాణవాయువు లేని కాలంలోనే వాటి పూర్వీకులు ఈ పని నేర్చుకున్నారంటారు. చెట్టు లేదు, గడ్డి లేదు, చేప లేదు. రెండు మూడు వందల కోట్ల ఏళ్ళ కిందటి మాట. తర్వాత వాటి దూరపు చుట్టాలు, ఆ పైన ఆకుపచ్చవి, ప్రాణవాయువు వదలడం మొదలుపెట్టాయి. మనం ఇప్పుడు పీలుస్తున్నది ఆ మొదలు వల్లనే. గులాబివాళ్ళు మాత్రం గాలి పడక బురదలోకి జరిగిపోయారు. అక్కడే ఉండిపోయారు. అన్నేళ్ళు ఉన్నవాళ్ళు, సార్. తొమ్మిది నెలలు మేడమ్ చీరల మధ్య కూడా ఉన్నారు.

అచ్యుతరావుగారికి చెప్పాను. “పురుగులు గట్టివేనమ్మా” అన్నారు. ఈసారి నేను వాదించలేదు.

సువర్ణగారు వచ్చినప్పుడు ఏమైందో రాయండి. ఆ సీసాను ఆవిడ పారబోయిస్తానంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను. మీకు లోటు చేసినట్టవుతుందేమో కానీ, పారబోయడం కంటే నయం.

జాయ్సీ


ఏలూరు
1 జూలై 2025

చి. జాయ్సీకి,

సంవత్సరీకం అయింది. నువ్వు రానక్కర్లేదు. వివరం రాస్తున్నాను.

సువర్ణ ఇరవయ్యారో తేదీన వచ్చింది. చేతిలో సంచి దించకముందే కిటికీ వైపు చూసింది.

“అన్నయ్యా, ఇదింకా ఉందా?”

“ఉంది.”

“ఆ రోజే పారబోయించాననుకున్నానే.”

“నేను తీసి బీరువాలో పెట్టాను.”

“ఎందులో?”

“బీరువాలో. చీరల మధ్య.”

సంచి దించి కూర్చుంది. “కుళ్ళు మట్టి తీసుకెళ్ళి వదిన పట్టుచీరల్లో పెట్టావా? ఆవిడుంటే నిన్ను ఊరుకునేదా?”

“ఆవిడుంటే బీరువాలో పెట్టే పనేముంది?” అన్నాను.

కాఫీ తాగాక తనే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గులాబి రంగు ఏమిటని అడిగింది. చెప్పాను. నువ్వు రాసినదంతా చెప్పాను. మూడు కొమ్మలు, వరి వేళ్ళు, రెండు మూడు వందల కోట్ల ఏళ్ళు, నా పట్టిక. ఈ ఏడాదిలో నేను ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. మధ్యలో ఆపలేదు.

“వెలుతురు తింటాయంటున్నావు. మరి చీకట్లో తొమ్మిది నెలలు ఏం తిన్నాయి?”

“తెలియదు. పని తగ్గించుకుని, ఉన్నదాంతో ముడుచుకుని పడుంటాయట.”

“అచ్చం నీలాగే” అంది.

మైక్రోస్కోపులో చూపించాను. ఒక కన్ను మూయడం తనకి రాదు. చేత్తో మూసుకుని చూసింది. “అన్నయ్యా, ఇది ఒక్క చుక్కేనా? పుష్కరాల రేవులా ఉందిరా బాబూ” అంది. లేవమంటే లేవలేదు. గంట ముడుచుకున్న ప్రతిసారీ, “అదిగో” అంటోంది.

మర్నాడు ఇల్లు కడిగించింది. నేను పక్క గదిలో ఉన్నాను. నా చెవులకు కూడా వినపడేలా పనామెకు చెబుతోంది. “ఆ కిటికీ దగ్గర ఫినాయిలు చల్లకు. తడిగుడ్డతో తుడువు చాలు. అక్కడ జనం ఉన్నారు.”

ఇరవైతొమ్మిదిన పని పూర్తయింది. పిండాలు కాలవలో కలిపి వచ్చాం. నిన్న ఉదయం బయల్దేరే ముందు సువర్ణ నోటుబుక్కు తిరగేసింది. జూన్ 23 దగ్గర ఆగింది. ‘స.వే.’ మీద వేలు పెట్టి కొంచెంసేపు ఉంచింది. తర్వాత, “ఇక్కడ చూసినవారు అని గడి ఉంది కదా. నేనూ చూశాను మరి” అంది.

ఆ తర్వాత ఇద్దరం కలిసి బీరువా సర్దాం. చీరల్లో రెండు తను తీసుకుంది. నీకొకటి తీసి పెట్టాను. మట్టిరంగుది. దాని అంచున అప్పుడు సీసా ఆనిన గుండ్రటి మరక ఉంది. ఉతికితే పోతుంది. ఉతకలేదు.

ఏలూరు వచ్చినప్పుడు తీసుకెళ్ళు. ఖాళీ సీసా ఒకటి కూడా తెచ్చుకో. పై నుంచి రెండు చెంచాల మట్టి ఇస్తాను. కాగితం నీది నువ్వు వేసుకో.

నోటుబుక్కులో నిన్న రాసినది కింద ఎత్తి రాశాను. పేరు సరిచూసి చెప్పు. పెన్సిల్‌తోనే ఉంది.

కోదండరామయ్య

19 జూలై 2024 నుంచి 9 ఏప్రిల్ 2025 వరకు. చీకటి. చూసినవారు: ఎవరూ లేరు.

30 జూన్ 2025. లోతు: 13.5 సెం.మీ. రంగు: గులాబి, నాలుగు సెం.మీ. వెడల్పు. దాని పైన ఆకుపచ్చ, నూలుపోగంత. పేరు: ఊదా గంధక బ్యాక్టీరియా కావచ్చు. చూసినవారు: కో.రా., సువర్ణ.